కారం దంచిన రోజు

అక్కా,

నువ్వు పోయాక మొదటిసారి ఇవాళ ఇంట్లో కారం దంచాం. మిల్లు కారం నోట పెట్టలేమని ఈ ఏడు కూడా అమ్మ రోలే కడిగింది.

నీ ఒంటికన్ను పిల్లికి ఆ ఘాటు పడదు గదా. ఏటా రోకలి తీయగానే దాన్ని ఎత్తుకుని నీ గదిలోకి పోయి తలుపేసుకునేదానివి. "నరసరావుపేటలో పిల్లులు కరువైనట్టు గుంటూరు షెల్టర్ దాకా పోయి తెచ్చింది. ఇప్పుడు దాని పేరు చెప్పి పని ఎగ్గొడతంది" అని అమ్మ సణిగేది.

ఇవాళ నాలుగు పోట్లు పడేసరికి అది తుమ్ముకుంటా పోయి నీ గది తలుపు గోకడం మొదలుపెట్టింది. నీ పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ ఆ గదికి తాళం వేసింది. మళ్ళీ ఎవరం తీయలేదు. నేను పిల్లిని వీధిలోకి ఎత్తుకుపోబోయాను.

"ఉండవే. దానికి తెలిసిన చోటు అదొక్కటేగా" అంది అమ్మ.

చేతులు కడుక్కొచ్చి తాళం తీసింది. పిల్లి తిన్నగా పోయి నీ మంచం ఎక్కింది. అమ్మ గడప దగ్గర చానాసేపు నిలబడి, తనూ లోపలికి పోయి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి చీర నిండా పిల్లి వెంట్రుకలు.

మిగిలిన కాయలన్నీ నేనొక్కదాన్నే దంచాను. పని ఎగ్గొడతందని అప్పుడు అమ్మ నిన్ను అన్న మాట, నేను అమ్మని అనలేదు.