భారతి కోసం వచ్చినవాళ్ళు

నరసన్నపేట,
సోమవారం.

గౌరవనీయులైన వియ్యపురాలు దాలమ్మ వదినగారికి లక్ష్మణమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. పోయినసారి మనం ఫోన్లో మాట్లాడుకున్నదంతా మీ మరిదిగారి అమ్మాయి రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాక, మీతో ఫోన్లో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కాగితం మీదైతే నా మాట ఉంటుంది, గొంతు ఉండదు. గొడవంతా నా గొంతు వల్లే వస్తుందని మావారి అభిప్రాయం.

విషయానికొస్తాను. తొలి కానుపు పుట్టింట, మలి కానుపు అత్తింట అని పెద్దలు ఊరికే పెట్టలేదు. మా కోడలు అనూరాధ తొలి కానుపుకి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు రెండోది, ఎనిమిదో నెల, నా దగ్గరే ఉంది. అదీ పద్ధతి. మరి నా కూతురు భారతిది తొలి కానుపే కదా! విజయనగరం ఆస్పత్రిలో కని, బిడ్డని ఎత్తుకుని నా ఇంటికి రావలసిన పిల్ల, ఆ అద్దె ఇంట్లోనే ఉండిపోయింది. మనిద్దర్నీ ఆస్పత్రి గుమ్మం నుంచే బస్సెక్కించి, "కొన్నాళ్ళాగి పిలుస్తాం" అన్నారు మీ అబ్బాయి. పిలుపు లేదు. భారతి నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా "ఊఁ" అంటోంది తప్ప మాట లేదు.

తోడుగా కుమారి అని ఎవరో వచ్చిందట. డౌలా అట. నర్సు కాదట, మంత్రసాని కాదట, పనిమనిషి అసలే కాదట. బాలింతకి తోడుండడమే ఆవిడ ఉద్యోగమట. కన్నతల్లి గుండ్రాయిలా ఉండగా తోడుండడానికి ఉద్యోగస్తురాలా?

మీ అబ్బాయి పంపిన ఫొటోలో ఆ కుమారిని చూశాను. ఒంటి మీద చిలకపచ్చ చీర, ఎర్రంచు. పెళ్ళిలో నేను మీకు పెట్టిన చీర. మీ మనిషి కాకపోతే మీ చీర ఆవిడకెలా వస్తుంది? నా కూతురి దగ్గరికి నన్ను రానివ్వకుండా కాపలా పెట్టారన్నమాట. నేనేమీ అనడం లేదు. అనే అలవాటు నాకు లేదు.

ఇట్లు, ఎవర్నీ ఏమీ అనని
లక్ష్మణమ్మ

తా.క. ఈ ఉత్తరం ఆటో చినబాబు చేత పంపుతున్నాను. దారిలో ఎలాగూ చదువుతాడు. ఒరే చినబాబూ, పోయిన వారం పట్టుకెళ్ళిన గోనెసంచి తేరా.


కోటబొమ్మాళి,
మంగళవారం.

లక్ష్మణమ్మ వదినగారికి దాలమ్మ నమస్కారాలు. నా మోకాళ్ళు కూడా మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాయి.

చీర సంగతి తేల్చేస్తాను. అవును, అది మీరు పెట్టిందే. ఒక్కసారి తడిపితే బాల్చీ అంతా చిలకపచ్చయింది. అంత రంగున్న చీర నాలాంటి పెద్దదానికెందుకని ఉగాదికి మీ అమ్మాయికే పెట్టేశాను. మీ చీర మీ పిల్లకే చేరింది. అది ఎవరికిచ్చిందో నాకేం తెలుసు?

ఇప్పుడు నా సంగతి వినండి. మొన్న మా పృథ్వీరాజ్ వీడియో కాల్ చేసి మనవణ్ణి చూపిస్తుంటే, వెనకాల ఆ కుమారి అన్నం తింటోంది. దేంట్లో? స్టీలు క్యారేజీలో. మూత మీద ఏం కొట్టించి ఉంది? "లక్ష్మణమ్మ, నరసన్నపేట" అని. నరసన్నపేటలో ఇంకో లక్ష్మణమ్మ ఉందేమోనని విచారించాను కూడా. ఉందట గానీ, చెంచాల మీద కూడా పేరు కొట్టించుకునే రకం కాదట. అంటే ఆ మనిషి మీ మనిషి. నన్ను పంపించడానికి మీరూ బస్సెక్కినట్టు నటించారు. బావుంది వదినా, ఆ రోజు బస్సులో కళ్ళు కూడా తుడుచుకున్నారు.

నేను బాలింత కాయం చేసి పంపాను. మా అత్తగారి చేతి కొలత అది. నలుగురు కోడళ్ళని లేపి కూర్చోబెట్టిన మందు. దానికి కుమారి ఏమందో తెలుసా? "డాట్రమ్మనడిగి పెడతాను" అందట! మూడో నెల రాగానే కోడలినీ మనవణ్ణీ నా ఇంటికి తెచ్చుకుంటాను. మీ కాపలా ఎన్నాళ్ళో నేనూ చూస్తాను.

ఇట్లు, దాలమ్మ

తా.క. గోనెసంచికి చిల్లు పడిందని చినబాబు చెప్పమన్నాడు. మీ ఉత్తరం చాలా బాగుందట. కానీ న్యాయం నా వైపే ఉందట.


నరసన్నపేట,
బుధవారం.

వదినగారికి,

ఆ క్యారేజీ నా కూతురికి కాపురం సామాన్లతో ఇచ్చాను. బిందెల మీదా, పళ్ళేల మీదా, అట్లకాడ మీదా కూడా నా పేరే ఉంది. పోనీ అట్లకాడ కూడా నా గూఢచారేనా?

నేను పెట్టిన చీర ఉతికి, పిండి, ఆరేసి, తిరిగి నా కూతురికే పెట్టారని ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి మనసులో పెట్టుకోను. గ్రూపులో పెడతాను.

ఆడపిల్లకి కానుపంటే పునర్జన్మ. ఆ సమయంలో పిల్లని కాలు కింద పెట్టనివ్వకూడదు. మీకిది ఎవరూ చెప్పినట్టు లేదు. మా అనూరాధని చూడండి. నిన్న మేడ మీద మినుములు ఎండబోసి, మధ్యాహ్నం ఎత్తి కిందికి తెచ్చి, సాయంత్రం నా కాళ్ళకి నూనె రాసింది. ఎనిమిదో నెలలో ఎంత చలాకీయో! ఏ డౌలానీ అడగదు, బంగారు తల్లి. అంతా నేనిచ్చే ధైర్యం.

లక్ష్మణమ్మ

తా.క. చినబాబూ, న్యాయం సంగతి నీకెందుకురా? ఆటో చూసి నడుపు.


కోటబొమ్మాళి,
శుక్రవారం.

వదినగారికి దాలమ్మ రాయునది.

నిన్న విజయనగరం వెళ్ళాను. పిలవకుండానే వెళ్ళాను. కొడుకింటికి పిలుపేమిటి? బాలింతకి పాలు పడాలని సొరచేప పిట్టు వండి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మూడు చుట్ల గుడ్డ కట్టి, పొద్దున్న రైల్లో పడి పోయాను.

మీ కుమారి తలుపు తీసింది. మెడలో పేరు రాసిన కార్డు, చేతిలో బిడ్డ తువ్వాలు. నన్ను కింది నుంచి పైకి చూసి, "బాబు కోసం వచ్చారా, భారతి కోసం వచ్చారా?" అంది.

ఇదేం ప్రశ్న? "నా మనవడి కోసం వచ్చాను" అన్నాను.

"అయితే బాబు పడుకున్నాడమ్మా. అలాగ కూకోండి" అని గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసింది.

"భారతినైనా లేపవే" అన్నాను.

"ఆ పిల్ల కంటి మీద కునుకేసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఇప్పుడే కన్ను మూసినాది. లేపితే నానొప్పుకోను. బాబు కోసం వచ్చినోళ్ళు గుమ్మంలో కూకోవాల. భారతి కోసం వచ్చినోళ్ళు లోపలికి రావచ్చు" అంది.

నా కొడుకు అద్దె కడుతున్న ఇంటి గుమ్మంలో నేను! కోపంతో అలాగే కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. వచ్చి "తిన్నారేటమ్మా?" అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పేలోపే, నేను తెచ్చిన పిట్టులో సగం తీసి నాకే పెట్టింది. తిన్నాను. ఉప్పు కాస్త తక్కువైంది, అది వేరే సంగతి. మనవడి మొహం చూడకుండానే సాయంత్రం రైలెక్కాను. ఇంత అవమానం మీరు తప్ప ఎవరు చేయిస్తారు?

ఇట్లు, దాలమ్మ

తా.క. చీర సంగతి గ్రూపులో చూశాను. అసలు ఆ చీర మీకెవరు పెట్టారో మా తోడికోడలు చెప్పింది. అది మీకు మీ అక్కగారు పెట్టిన చీరట కదా!


నరసన్నపేట,
ఆదివారం.

దాలమ్మ వదినకి లక్ష్మణమ్మ నమస్కారాలు.

చీర గురించి ఇంక మాట్లాడుకోవద్దు. చాలా ఊళ్ళు తిరిగింది, దానికీ విశ్రాంతి కావాలి.

నిన్న నేనూ వెళ్ళాను. మీ ఉత్తరం చదివి వెళ్ళాను కాబట్టి గుమ్మంలో తడుముకోలేదు. ఆ కుమారి నోరు తెరవకముందే "భారతి కోసం వచ్చాను" అన్నాను.

"రండమ్మా రండి" అని లోపలికి తీసుకెళ్ళింది. నేను గర్వంగా నడిచాను. ఎక్కడికి తీసుకెళ్ళిందంటారు? వంటింట్లోకి. "భారతి కోసం వచ్చినోళ్ళకి పనుంటాది. సింకులో గిన్నెలున్నాయి సూడండి" అంది. నా పేరు కొట్టించిన గిన్నెలన్నీ నేనే తోముకున్నాను వదినా. తర్వాత బాబు గుడ్డలు. తర్వాత వెల్లుల్లి కారం నూరాను. "నేను దాని తల్లిని" అని రెండుసార్లు చెప్పాను. "అందుకే సెప్తన్నాను, పరాయోళ్ళయితే కాఫీ ఇచ్చి పంపీదాన్ని" అంది.

చివరికి గదిలోకి రానిచ్చింది. భారతి కూర్చుని వేడన్నం తింటోంది. నన్ను చూసి, ముద్ద చేతిలో ఉండగానే ఏడ్చింది. మాటా పలుకూ లేకుండా కళ్ళంట నీళ్ళు. నేను కంగారుపడి "ఏడవకే, పచ్చి బాలింతవి, కళ్ళు పాడవుతాయి" అన్నాను. కుమారి నా భుజం మీద చెయ్యేసి, "ఏడవనీయండమ్మా. రోజూ ఈ ఏలకి వస్తాది. కాసేపు కూకుంటే పోతాది. పోకపోతే డాట్రమ్మ దగ్గరికి నానే తీసుకెళ్తాను" అంది. రోజూ ఏడుస్తోందట! నా కూతురు! నాకు "ఊఁ" అని, పరాయి మనిషి దగ్గర ఏడుస్తోంది.

నేనేమీ మాట్లాడలేదు. అది చాలా కష్టంగా చేశాను. ఏడుపు ఆగాక భారతి నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. ఆ చెయ్యి లాక్కోలేక నా రైలు పోయింది. "నిన్నెవరు పెట్టారే, నిజం చెప్పు" అని కుమారిని అడిగాను. "అది భారతి సెప్పాల" అంది.

ఒప్పుకుంటున్నాను వదినా, మీ మనిషి మంచిది. కానీ మీ మనిషే.

ఇట్లు, లక్ష్మణమ్మ

తా.క. ఇంటికొచ్చేసరికి అనూరాధ వంట చేసి, తన పెద్దపిల్లాడికి అన్నం పెట్టి, నా కోసం మెలకువగా ఉంది. "డౌలా అంటే ఏటత్తా? ఏటి సేస్తాది? ఫోన్ నెంబరేమైనా ఇచ్చిందా?" అని ఒకటే ప్రశ్నలు. పిల్లకి లోకజ్ఞానం మీద ఎంత ఆసక్తో! కుమారి ఇచ్చిన కార్డు దాని చేతిలో పెట్టాను.


కోటబొమ్మాళి,
గురువారం.

లక్ష్మణమ్మ వదినకి దాలమ్మ ఎన్నో నమస్కారాలు.

నేను మళ్ళీ వెళ్ళొచ్చాను. ఈసారి "భారతి కోసం" అన్నాను. బీరకాయలు తరిగాను, నేల తుడిచాను, నా మోకాళ్ళు మిమ్మల్ని తిట్టాయి. మధ్యాహ్నం భారతి లేచి, నా పక్కన కూర్చుని తానే చెప్పింది. తన మాటల్లోనే రాస్తున్నాను.

"కుమారక్క మీ మనిషీ కాదు, అమ్మ మనిషీ కాదత్తా. నా మనిషి. నేనే పెట్టుకున్నాను. కానుపైన సాయంత్రం మీరిద్దరూ నా మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, వీడి ముక్కు మీ పోలికా, మా పోలికా అని దెబ్బలాడుకున్నారు. నాకు దాహమేసింది. నీళ్ళియ్యమని రెండుసార్లు అడిగాను. ఎవరికీ వినపడలేదు. ఆఖరికి నర్సమ్మ వచ్చి నీళ్ళు పట్టి, ఈ నెంబరిచ్చింది. మీరిద్దరూ మంచోళ్ళే అత్తా. ఇద్దరూ ఒకేసారి మంచోళ్ళయితే నేను తట్టుకోలేకపోయాను."

మనం నీళ్ళివ్వలేదు వదినా. నేను మనవడి ముక్కు చూస్తున్నాను, మీరు నా ముక్కు చూస్తున్నారు. ఆ పిల్ల వైపు ఎవరం చూడలేదు. నాకు సిగ్గేసింది.

మా పృథ్వీరాజ్ పుట్టినప్పుడు ఊరంతా వచ్చారు. వాణ్ణి చూసి, వెండి మొలతాడు కట్టి, మిఠాయి తిని వెళ్ళారు. నన్నెవరు చూశారని ఎంత గుర్తుచేసుకున్నా ఒక్క మొహం గుర్తుకు రాలేదు. కుమారి మళ్ళీ వచ్చి "తిన్నారేటమ్మా?" అంది. తరిగే బీరకాయ పక్కన పెట్టి ఏడ్చేశాను. అది నన్ను కూడా ఆపలేదు. పనిమంతురాలు.

భారతి ఇప్పుడు కాస్త నవ్వుతోంది, రాత్రి రెండు గంటలు వరసగా పడుకుంటోంది. మూడో నెలలో మా ఇంటికి వస్తానంది. నేనే వద్దన్నాను. తొలి కానుపు, ముందు పుట్టింటికే వెళ్ళాలి. మీరు చెప్పిందే పద్ధతి. కూతురొచ్చాక చెయ్యి ఇచ్చి పక్కన కూర్చోండి, చాలు.

ఇట్లు, మీ వదిన
దాలమ్మ

తా.క. భారతి దగ్గర కుమారి పని వచ్చే నెలతో అయిపోతుంది. తర్వాత ఎక్కడికే అని అడిగితే, నరసన్నపేటలో ఒప్పుకున్నానంది. ఎవరింట్లో అన్నాను. మీ ఇంట్లోనే వదినా. అనూరాధ ఫోన్ చేసి మాట్లాడుకుందట. మీ అబ్బాయికీ తెలుసట. "మా అత్త మంచిదే, ఆవిణ్ణించి కాస్త కాపాడాల" అని చెప్పిందట.

మొన్న మీ కళ్ళజోడు విరిగిందనీ, ఇక నా ఉత్తరాలు అనూరాధే చదివి వినిపిస్తుందనీ చినబాబు చెప్పాడు. కాబట్టి ఇక్కడికొచ్చేసరికి చదివే గొంతు ఆగిపోయి ఉంటుంది. భయపడకమ్మా అనూరాధా. మీ అత్త ఏమీ అనదు, అంటే నేనున్నాను. మిగిలింది తర్వాత చదువుదువు గానీ, నిలబడే చదువుతున్నావేమో, ముందు కూర్చో తల్లీ.