ఏరిన కంకర

ఫిబ్రవరి 24, 2025
మా పై ఇంజనీరు ఈఈ గారు సంతకం పెట్టారు! కూల్చిన బడి కాంక్రీటునే క్రషర్‌లో కొట్టించి, కొత్త బడి స్లాబు కంకరలో ఇరవై శాతం కలపొచ్చు. ఫెయిలయితే స్లాబు పగలగొట్టిస్తా, పాత కంకర మాట ఈ జిల్లాలో మళ్లీ ఎత్తొద్దు అన్నారు. సరేనన్నాను. అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి ఏడాది కాలేదు, నాకెందుకో అంత ధైర్యం.

మార్చి 3
పాత కంకర నీళ్లు తాగేస్తుంది, ముందురోజే నానబెట్టాలి. ఈ ముక్క పున్నయ్య మేస్త్రికి పదిసార్లు చెప్పాను. ఏంది షారోనమ్మా, బొల్లాపల్లిలో మనుషులకే నీళ్లు లేకపోతే రాళ్లకు తాపమంటావా అంటాడు. అది చచ్చిన కాంక్రీటంట. ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవమంట. నా ఖర్మ! చివరికి నేనే పైపు పట్టుకుని కుప్ప మొత్తం తడిపాను.

మార్చి 4, సాయంత్రం 6
స్లాబు పడింది. నా నడుమూ పడిపోయింది. నేను పైన వైబ్రేటర్ దగ్గర అరుస్తుంటే, ల్యాబులో పగలగొట్టి బలం చూసే టెస్టు క్యూబులు కింద మేస్త్రే నింపాడు.

మార్చి 11
ఏడు రోజుల క్యూబుల బలం: 31. పదిహేడు వస్తే చాలు! మేస్త్రికి చెబితే ముసిముసిగా నవ్వాడు.

ఏప్రిల్ 1
ఇరవై ఎనిమిది రోజుల క్యూబులు: 44. కావాల్సింది ఇరవై అయిదు. ఈఈ గారు ఫోన్ చేసి, భేష్, ఇంకో రెండు బడులకు ఎస్టిమేట్ పంపు అన్నారు.

పగిలిన క్యూబు చేతిలోకి తీసుకున్నాను. లోపలంతా నల్లటి కొత్త కంకర. పాత ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఏప్రిల్ 2
అడిగితే దాచలేదు మహానుభావుడు. మొదటి పంటలో మంచి గింజలు ఏరి చర్చికి పెట్టమా అమ్మా, అట్నే నీ పరీక్ష పెట్టెలకు మంచి కంకర ఏరి, సిమెంటు చానా ఎక్కువేసి కలిపా, చిన్నపిల్లవి, పరీక్ష తప్పకూడదని అన్నాడు. అంత ప్రేమగా చెబుతుంటే ఎట్లా తిట్టను? తిట్టాను. బాగానే తిట్టాను.

ఇప్పుడా స్లాబు ఎంత గట్టిదో ఎవరికీ తెలీదు. జూన్‌లో దానికింద పిల్లలు కూర్చుంటారు. నేను నోరు మూసుకుంటే చాలు, 44 అని రిపోర్టు బ్యాగులోనే ఉంది. అసలు ఆ క్యూబులు నా ఎదుట నింపించి ఉండాల్సింది. బుద్ధిలేనిదాన్ని.

ఏప్రిల్ 3
ఈఈ గారికి చెప్పేశాను. అరగంట తిట్లు. స్లాబునే డ్రిల్లు చేసి మూడు కోర్లు, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్కలు, తీసి టెస్టు చేయించమన్నారు.

ఏప్రిల్ 9
కొత్త స్లాబుకు మూడు చిల్లులు. వాటిలోంచి ఎండ గదిలోకి పడుతోంది. మేస్త్రి చూడలేక బయట కూర్చున్నాడు.

ఏప్రిల్ 17
27, 29, 28. పాసు! కోర్లలో పాత ముక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ల్యాబులో అందరి ముందూ ఏడ్చేశాను.

ఏప్రిల్ 19
చిల్లులు పూడ్చాలి. నేను వెళ్లేసరికి మేస్త్రి ముందు బక్కెట్టు నిండా పాత కంకర. నిన్న గుడ్ ఫ్రైడే ప్రార్థన అయిపోగానే నానబెట్టాడంట. ఇంట్లో తాగే నీళ్లతో.