విప్పకుండా రాసిన రిపోర్టు

బావమరిదికి,

నువ్వు క్షేమమని తలుస్తాను. మిగతా మర్యాదలు ఈసారికి మానేస్తున్నాను. నేను ఉత్తరం రాయడమే నీకు వింతగా ఉంటుంది. ఎదురుగా ఉంటే నాకు నాలుగు మాటలు రావు, అందుకే రాస్తున్నాను.

సర్వీసు ఇంజనీరుగా వచ్చి, మా తవ్వకం బండిని చూసి వెళ్ళాక నువ్విచ్చిన రిపోర్టును మేనేజరు నిన్న అందరి ముందూ చదివాడు. "ఆపరేటర్ మోటు వాడకం వల్ల ఫార్వర్డ్ క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి." కింద నీ సంతకం. ముందు బకెట్టుతో ఎత్తుతూ, వెనక బకెట్టుతో తవ్వుతూ పదిహేడేళ్ళు బతికినవాణ్ణి. నన్ను బండి దింపి, వచ్చిపోయే లారీల నంబర్లు రాసుకోమని గేటు దగ్గర నిలబెట్టారు. నా సీట్లో ఇప్పుడు కొత్త ఆపరేటర్ కూర్చుంటున్నాడు. అతన్ని అందరూ గళ్ళచొక్కా అంటారు.

ఏ ప్లేట్లు చూశావు నువ్వు? ఎప్పుడు విప్పావు? వచ్చింది పదకొండింటికి, వెళ్ళింది పదకొండున్నరకి. యార్డులో ముందుకి రెండుసార్లు, వెనక్కి రెండుసార్లు నడిపావు. బాగానే నడిచింది. "బావా, బండి ఆగకముందే లివర్ని ముందుకీ వెనక్కీ లాగేస్తుంటావేమో. ప్లేట్లు కాలిపోవూ మరి?" అని నవ్వావు. నేను నవ్వలేదు. అదే నా జవాబనుకున్నాను. నువ్వు దాన్ని ఒప్పుకోలు అనుకున్నట్టున్నావు.

ప్లేట్లు అరిగిన బండి ఎలా ఉంటుందో నీలా చదువుకోకపోయినా నాకు తెలుసు. ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం బద్ధకంగా పాకుతుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తుంది. మాది అలా కాదు. నిక్షేపంగా పోతూ పోతూ, న్యూట్రల్లో పడ్డట్టు ఉన్నచోట నిలబడిపోతుంది. కాసేపటికి తనే కదులుతుంది. రివర్సుకి ఏ జబ్బూ లేదు. చదునైన చోట ఇంజను నడుస్తుండగా, గేరు ఆయిల్ వేడెక్కాక కొలిచాను. సరిగ్గా ఉంది. వేలికి రాసుకుని వాసన చూశాను. మాడలేదు. ఇదంతా నీకు చెప్పబోయాను. నువ్వు ఫోన్లో ఉన్నావు.

మీ అక్కకి చెబితే, "వాడు నా తమ్ముడు, మీరు నా మొగుడు. ఎవరి వైపు మాట్లాడమంటారు? నోరు మూసుకుని వడ్డిస్తాను, ఇద్దరూ తిని కొట్టుకోండి" అంది.

ఆ కాగితం వెనక్కి తీసుకో. లేదా బండి విప్పి, అరిగిన ప్లేటు ఒక్కటి తీసి నా చేతిలో పెట్టు. అప్పుడు గేటు దగ్గరే రిటైరవుతాను.

ఒళ్ళు మండుతున్న
నీ బావ


బావమరిదికి,

నీ జవాబు అందింది. "రూలు ప్రకారం రాశాను బావా, మనసులో పెట్టుకోకు" అంటావు. మనసులో కాక ఎక్కడ పెట్టుకోను, టూల్ బాక్సులోనా?

నేను రోజూ రాసే పుస్తకం తీశాను. ఏ రోజు ఏ పని, ఎన్ని గంటలు, బండి ఎక్కడ ఆగింది, అన్నీ ఉన్నాయి. మట్టి ఎత్తి లారీల్లో పోసిన రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. కాలువ తవ్విన రోజుల్లోనే ఆగింది. తవ్వేటప్పుడు సీటు వెనక్కి తిప్పి కూర్చుంటాం. అయ్యాక ముందుకి తిప్పుకుని బండి కదిలిస్తాం. అలా తిప్పుకున్న తర్వాతే ఈ రోగం. నువ్వు సీటు తిప్పనే లేదు. ఇస్త్రీ నలుగుతుందనుకున్నావో ఏమో.

ఇది ప్లేట్ల జబ్బు కాదు. ఫార్వర్డ్ క్లచ్‌కి అందాల్సిన కరెంటు ఎక్కడో తెగుతోంది. ఆ వైర్లు సీటు కిందినుంచే పోతాయి. గళ్ళచొక్కాతో ఈ మాటంటే, "మనకెందుకన్నా, మీవాడే తేల్చేశాడుగా" అన్నాడు. మీవాడట! ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం యార్డు ఖాళీ. బండి విప్పి చూడ్డానికి మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ వైరు దొరకనీ, నీ రిపోర్టు తెచ్చి మీ ఆఫీసు గోడకే అంటిస్తాను.

నీ బావ


బావమరిదికి,

వైరు దొరికింది. సీటు కింద రేకు విప్పగానే కనిపించింది. తొడుగు ఒరిసిపోయి, లోపల రెండు రాగి పోగులు మాత్రం మిగిలాయి. సీటు తిప్పినప్పుడల్లా రేకు కొంచెం కుంగుతోంది. ఒక బోల్టు కొస ఆ పోగుల్ని ఒత్తి విడదీస్తోంది. కరెంటు ఆగి క్లచ్ వదిలేస్తోంది. ప్లేట్లకి ఏమీ కాలేదు. నువ్వు రాసింది తప్పు.

ఇక్కడితో ఆపి సంతకం పెట్టేద్దామనుకున్నాను.

ఆ బోల్టు సీటుకున్న మిగతా మూడింటికన్నా గోరంత పొడుగుంది. దాన్ని వేసింది నేనే. సీటు ఊగుతోందని, డబ్బాలో చేతికి దొరికింది తీసి బిగించాను. గ్రీజు పెట్టినా పుస్తకంలో రాసేవాణ్ణి, ఆ బోల్టు సంగతి రాయలేదు. అదీ ఒక పనేనా అనుకున్నాను.

యార్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. బోల్టు మార్చి, వైరు అతికి, ఎలుక కొరికిందని చెబితే అడిగేవాడు లేడు. తప్పంతా నీ మెడకు చుట్టుకునేది. సోమవారం నేను సీట్లో ఉండేవాణ్ణి. స్పానర్‌తో ఆ బోల్టు విప్పి జేబులో వేసుకున్నాను. నీ మీద కోపం తగ్గలేదు. దానికి తోడు నా మీద కూడా వచ్చింది.

సోమవారం ఆ బోల్టు తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టాను.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదయ్యా" అన్నాడు.

"అవునండీ."

"చెప్పావు కాబట్టి నెల్లాళ్ళు గేటు తప్పదు."

"సరేనండీ."

మీ అక్క మాత్రం ఈసారి నోరు మూసుకోలేదు. "ఇద్దరికిద్దరూ సరిపోయారు! ఒకడు చూడకుండా రాశాడు, ఒకరు చూడకుండా బిగించారు" అంది. ఇద్దరికీ తగిలేలా గట్టిగానే అంది.

నిన్ను కొత్త రిపోర్టు రాయమంటారు. బావ కదా అని నన్ను దాటెయ్యకు, ఆ జాలి నాకక్కర్లేదు. ప్లేట్లు అన్న మాట కొట్టెయ్యి. ఆపరేటర్ అన్న మాట ఉంచు. అయితే ఈ ఉత్తరం ముందు పెట్టుకుని ఇందులోదే ఎక్కించావంటే ఊరుకోను. నేను అబద్ధం రాసి ఉండొచ్చు కదా! వచ్చి, ఆ రేకు నీ చేత్తో విప్పి, చూసి రాయి.

నీ బావ