కుడి పట్టా, ఎడమ పట్టా

దునాహెగ్,
నవంబరు, ఆదివారం

బంగారు తల్లీ బొరోకా,

నీ ఉత్తరం అందింది. తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపుదామనుకున్నాను కానీ మీ అమ్మ నొచ్చుకుంటుందని ఆగాను. పై చదువులు చదువుతున్న పిల్ల వాక్యం చివర చుక్క పెట్టడం మరచిపోకూడదు.

శీతాకాలమంతా సెగెడ్ వచ్చి మీ దగ్గర ఉండమన్నావు. ఆ ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావని అడిగావు. రాను. కారణం చెప్పకుండా కాదనడం నాకు అలవాటు లేదు కనుక కారణం రాస్తున్నాను.

గుట్ట మీది పార్కును మునిసిపాలిటీ మళ్ళీ తెరవబోతోంది. దానితోపాటు అలల రైలును కూడా, అదే, ఎత్తులెక్కి జారుతూ దిగే ఆ చెక్క రైలును. నీ చిన్నప్పుడు ఒకసారి ఎక్కించాను, దిగాక నా కోటు మీద కక్కావు. అదే రైలు. మూతపడినప్పటి నుంచి వానకు తడిసి, ఎండకు ఎండి, దాని కలప అంతా పాడైంది. కొన్ని దూలాలు వేలితో నొక్కితే రొట్టెలా దిగిపోతున్నాయి. కుళ్ళినవి తీసి కొత్తవి వేయాలి, పట్టాల కింది పలకలు మార్చాలి, పెట్టెలకు రంగులు వేయాలి. ఉద్యోగం చేసినంత కాలం ఆ పార్కుకు ఇంజనీరుగా ఉన్నదాన్ని కనుక, పనులు చూసి సంతకం పెట్టడానికి నన్ను పిలిచారు.

కొత్త డైరెక్టరు పేరు జోంబోర్. గడ్డం సరిగ్గా మొలిచిందో లేదో తెలియదు. మొదటి రోజే చేయి చాపుతూ, "హాయ్ గిజెల్లా, వచ్చావా, నువ్వు ఉంటే మాకు భలే ధైర్యం" అన్నాడు.

"మనిద్దరం కలిసి పందులు కాసినట్టు నాకు గుర్తు లేదండీ" అన్నాను.

పిల్లాడి ముఖం బీట్‌రూట్ అయింది. నిచ్చెన మీది నుంచి వడ్రంగి లాయోష్ నవ్వాడు. "డైరెక్టరు గారూ, మీది మంచి జాతకం. మీ ముందున్నాయన అట్లా అంటే ఈవిడ ఈస్టరు దాకా ఆయనతో చీటీల మీదే మాట్లాడింది."

నీకు ఇది నవ్వులాట. నువ్వు బస్సు డ్రైవర్నీ నువ్వంటావు, పళ్ళ డాక్టర్నీ నువ్వంటావు. మా కాలంలో నువ్వు అనే మాటను ఎవరికి వారు తీసేసుకోవడానికి లేదు. పెద్దవాళ్ళు ఇవ్వాలి. ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ అయితే ఆడమనిషే ఇవ్వాలి. ఇచ్చిన రోజు ఒకరి మోచేతిలోంచి ఒకరు చేయి పోనిచ్చి గ్లాసెడు వైన్ తాగుతారు. ఆ తరువాత ఆ మాట వెనక్కి పోదు. ఎదుటివాడు ఎంత కావాలనుకున్నా తనంతట తాను అడగలేడు, ఎదురుచూడాలి, అంతే.

పని మొదలైంది. పొద్దున్నే నేనూ కాల్మాన్ గారూ పట్టాల వెంట నడుస్తాం. ఆయన ఆ రైలుకు బ్రేకు మనిషి. రైలు మధ్యలో నిలబడి, మలుపు వచ్చినప్పుడు లివరు లాగి వేగం తగ్గించేవారు. ఇదివరకు పార్కు తెరిచే ముందు రోజూ చేసినట్టే నాది కుడి పట్టా, ఆయనది ఎడమ పట్టా. చెరొక సుత్తితో బోల్టులను తడుతూ పోతాం. బిగిసిన బోల్టు గంటలా మోగుతుంది, వదులైనది దగ్గినట్టు పలుకుతుంది. ఆ దగ్గు వినపడిన చోట సుద్దముక్కతో గీత. మాట్లాడుకునేది కూడా అంతే. "మీ వైపు ఒకటి ఉందండీ." "గీశాను, మీ వైపు?" ఎత్తు మీదికి చేరాక కాసేపు నిలబడి దునా నదిని చూస్తాం. ఆ తరువాత దిగుతాం. మీ తాతయ్య పోయిన ఏడు కూడా ఇంతే, ఆయన ఒక్క మాట ఎక్కువ అనలేదు, నేనూ ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఇంట్లో రేడియో ఉంది, పొయ్యి ఉంది, సూపు ఎప్పుడూ ఇద్దరికి సరిపడా అవుతుంది. కానీ పగలంతటిలో నాతో ఆ రెండు మాటలు మాట్లాడే మనిషి ఆ ఎడమ పట్టా మీదే ఉన్నారు. అందుకని రాను.

చలికి చెవులు కప్పుకో.

నీ అమ్మమ్మ
గిజెల్లా


దునాహెగ్,
ఫిబ్రవరి, గురువారం

బంగారు తల్లీ,

ఈసారి చుక్కలన్నీ సరిగ్గా పెట్టావు, సంతోషం. కాల్మాన్ గారి గురించి నువ్వు రాసిన వెటకారం మాత్రం అక్కర్లేదు. ఈ వయసులో మనిషికి తోడు కావాలని అనిపించడం జబ్బు కాదు, జోకూ కాదు.

ఒక సంగతి చెప్పాలి. మీ అమ్మకు చెప్పకు, ఆవిడ వెంటనే ఫోను చేసి సలహాలు ఇస్తుంది.

జనవరిలో పట్టాల మీద నడుస్తూ గమనించాను, కాల్మాన్ గారు సుత్తిని ఎడమచేతిలోకి మార్చుకున్నారు. అడగలేదు. మరో రోజు టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నారు. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఆ చేతితోనే కదా ఆయన జనంతో నిండిన రైలును ఆపేది. నేను చూసింది చూసినట్టు రాయాలి, లేకపోతే నా సంతకానికి విలువ లేదు. చేతి బ్రేకు తీసేసి, స్టేషను దగ్గరా మలుపుల దగ్గరా తనంతట తానే పట్టుకునే బ్రేకులు పెట్టాలని రిపోర్టు రాశాను. ఎందుకో కూడా రాశాను. మా దగ్గర రిపోర్టులు కార్ఖానా గోడకు అంటిస్తారు, అందరూ చదవాలని.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. లాయోష్ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏమంటావు కాల్మాన్, ఇంజనీరమ్మ నీ కుర్చీ లాగేసిందే" అన్నాడు లాయోష్.

"సరిగ్గానే రాశారు. నేనైనా అదే రాద్దును" అన్నారు ఆయన.

"నువ్వు రాయవు. నీకు అంత అక్షరం ముక్క ఎక్కడిది."

"అందుకే ఆవిడ రాశారు."

తరువాత నా దగ్గరికి వచ్చి, "గిజెల్లా గారూ, మీరు రాసినదాంట్లో నాకు కష్టం కలిగించేది ఏమీ లేదు" అన్నారు. అప్పుడు ఏడుపు ఆపుకోవడానికి నేను పనివాళ్ళ మీద కేకలు వేశాను, రంపపు పొట్టు ఊడ్వలేదని.

రెండు వారాల తరువాత మరో మాట చెప్పారు. కోసెగ్‌లో ఆయన అక్క ఉంది. ఆవిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. పార్కు తెరిచాక అక్కడికి వెళ్ళిపోతారట. "బ్రేకు లేని చోట బ్రేకు మనిషికి ఏం పని" అన్నారు. నవ్వుతూనే అన్నారు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు, ఈ ఊళ్ళో ఆయన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. కోసెగ్ దేశానికి అటు చివర. వెళ్ళినవాళ్ళు నూతన సంవత్సరానికి ఒక కార్డు పంపుతారు, అంతే.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని, ఆయనతో ఏం చెప్పాలో గట్టిగా అని చూసుకున్నాను. "కాల్మాన్ గారూ, మీరు వెళ్ళకండి." విన్నావా ఎట్లా ఉందో? పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి, అయ్యా, అప్పుడే మూసెయ్యకండి, ఒక స్టాంపు ఇచ్చి పొండి అన్నట్టు ఉంది. ఇన్నేళ్ళూ నేను ఆ మాటతోనే ఆయన్ని అంత దూరాన నిలబెట్టాను. మొదట్లో నేను పై అధికారిని, చనువు ఇస్తే పనివాళ్ళు ఏమనుకుంటారో అని. తరువాత వితంతువుని, ఊరు ఏమంటుందో అని. ఆ తరువాత కారణమే లేదు, అలవాటు. ఆయన అడగడానికి వీల్లేదు. ఇవ్వవలసింది నేను. ఇవ్వలేదు.

వెళ్ళకు. ఆ మాట నువ్వు అని పిలిచే మనిషితోనే అనగలం. అందుకని నిర్ణయించుకున్నాను. పార్కు తెరిచే రోజు సాయంత్రం వైన్ పోసి ఆయనకు నువ్వు అనే మాట ఇస్తాను. గ్లాసు దించాక అడుగుతాను. కాదంటే నీ దగ్గరికి వచ్చేస్తాను, సెగెడ్‌లో చేపల పులుసు కారంగా చేస్తారు, మంచిదే.

సీసా కొన్నాను. ఎగెర్ ఎర్రవైన్. బీరువాలో దుప్పట్ల వెనక పెట్టాను, ఎవరైనా వస్తే అడుగుతారని. ఎవరు వస్తారు, చెప్పు.

నీ అమ్మమ్మ
గిజెల్లా


దునాహెగ్,
మే, మంగళవారం

నా బొరోకా,

పార్కు శనివారం తెరుస్తారు. నేను అనుకున్న రోజు దాకా ఆగలేదు, ఆగనివ్వలేదు అనాలి. జరిగింది వరుసగా రాస్తాను.

నిన్న పొద్దున ఎప్పటిలాగే నడుస్తున్నాం. కొత్త కలప వాసన, పైన్ జిగురు చెప్పులకు అంటుకుంటోంది. ఎత్తు మీద ఎడమ వైపున నడవడానికి లాయోష్ కొత్త పలకలు పరిచాడు. ఇటు నుంచి నాకు కనపడింది, ఒక పలక అవతలి కొన కింద దూలం లేదు. పలకను ఊరికే పెట్టి వదిలేశాడు, మేకు కొట్టలేదు. కాల్మాన్ గారు నాకు ఒక అడుగు ముందు ఉన్నారు, కిందికి చూస్తూ బోల్టు తడుతున్నారు, తరువాతి అడుగు దాని మీదే.

"కాల్మాన్, ఆగు" అని అరిచాను.

ఆయన కాలు గాలిలోనే ఆగింది. నెమ్మదిగా వెనక్కి పెట్టారు. సుత్తితో పలకను తోశారు. అది కిందికి పోయింది, చాలాసేపు పడుతూనే ఉంది.

కింద అందరూ తలలెత్తారు. నేను వాళ్ళు ప్రమాదం గురించి మాట్లాడుకుంటారనుకున్నాను.

"విన్నారా, ఆగు అంది" అన్నాడు లాయోష్.

"ఆగండి అని ఉంటారు. గాలికి చివర వినపడి ఉండదు" అన్నాడు జోంబోర్.

"గాలి లేదు, నా చెవులూ బాగానే ఉన్నాయి. ఈవిడ నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అదిగో, ఒట్టి పేరు కూడా పిలిచింది."

"ముందు నువ్వు మేకులు కొట్టడం నేర్చుకో లాయోష్" అని పైనుంచి కాల్మాన్ గారు అన్నారు. ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, నాదీ అంతే అయి ఉంటుంది. లాయోష్‌కు నేను చెప్పవలసింది తరువాత చెప్పాను, అది ఉత్తరంలో రాసేది కాదు.

ఏమైనా మాట బయటికి వచ్చేసింది. సగం చేసి వదిలేయడం నాకు చేతకాదు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి సీసా తెచ్చాను. పనివాళ్ళందరూ నూనెలో వేయించిన లాంగోష్ రొట్టెలు తినడానికి దిగువకు వెళ్ళారు. కార్ఖానాలో రంగు ఆరుతున్న రైలు పెట్టెల మధ్య మేమిద్దరమే. రెండు గ్లాసుల్లో పోశాను. నిలబడే అన్నాను.

"కాల్మాన్ గారూ, పొద్దున పొరపాటున అన్నదాన్ని ఇప్పుడు తెలిసి అంటున్నాను. ఇకనుంచి నన్ను నువ్వు అనండి."

ఆయన గ్లాసు తీసుకున్నారు, చూశారు, మళ్ళీ బల్ల మీద పెట్టారు. ఆడది ఇస్తే మగవాడు కాదనడం నేను ఎక్కడా వినలేదు, బొరోకా. స్టూలు మీద కూర్చున్నాను.

"మీరేమీ అనుకోకపోతే, వద్దండి" అన్నారు.

"అట్లాగే" అన్నాను. సీసాకు బిరడా వెతుకుతున్నాను.

"అది కాదు, వినండి. మాది పల్లెటూరు. మా అమ్మ మా నాన్నను బతికినంత కాలం మీరు అనే అంది. అలిగినా మీరే. జ్వరం వస్తే తలకు తడిగుడ్డ వేస్తూ, మీరు నన్ను వదిలి వెళ్ళకండి అంది, నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మా ఇంట్లో నువ్వు అంటే ఆవులకు, పిల్లలకు, దేవుడికి. మీరు అంటే మా నాన్న ఒక్కరే." ఆయన గ్లాసు కాడను ఎడమచేతితో తిప్పుతున్నారు. "ఈ పార్కులో లాయోష్ నాకు నువ్వు. ఆ డైరెక్టరు కుర్రాడూ నాకు నువ్వే. రైలునూ నువ్వే అంటాను, అది మొరాయించినప్పుడు. నేను మీరు అనడానికి నాకు మిగిలింది మీరొక్కరే. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ మాట అనుకుంటూనే మెట్లెక్కాను. దాన్ని తీసేసుకోకండి."

ఆయన్ని దూరాన నిలబెట్టానని నేను బాధపడుతున్న కాలమంతా, ఆయన అక్కడ దూరంగా లేరు.

"మరి నేను ఒకటి అడగాలనుకున్నాను. దానికి నా దగ్గర మాట లేదనుకున్నాను" అన్నాను.

"ఏమిటండీ అది?"

అప్పుడు అన్నాను. వంటింట్లో పోస్టాఫీసులాగా వినిపించిన మాటే. "వెళ్ళకండి." ఈసారి అట్లా వినిపించలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన కిటికీ వైపు తిరిగారు. అక్క గదికి సున్నం వేయించిందట, ఎదురుచూస్తోందట. ఆ మాటలన్నీ చెప్పారు. కాదు అనలేదు, ఔను అనలేదు. చివరికి నా వైపు తిరిగి అడిగారు.

"ఎప్పటిదాకా?"

"ప్రస్తుతానికి రేపటిదాకా" అన్నాను.

"రేపు?"

"రేపు మళ్ళీ అడుగుతాను."

వైన్ తాగాం, చేతులు కలపకుండా, ఎవరి గ్లాసు వాళ్ళం. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో గోడలు మరీ దగ్గరికి వచ్చినట్టు అనిపించింది. ఆయన కోసెగ్ రైలు టిక్కెట్టు ముందే కొన్నారేమో, నాతో చెప్పలేదేమో అని ఒకటే ఆలోచన. సెగెడ్ వస్తానని నీకు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను.

ఈ పొద్దున గుట్ట మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే వచ్చి ఉన్నారు, సుత్తి ఎడమచేతిలో పట్టుకుని. శుభోదయం చెప్పుకున్నాం. ఎవరి పట్టా మీదికి వాళ్ళం ఎక్కాం.

మళ్ళీ అడిగాను.

నీ అమ్మమ్మ
గిజెల్లా