చెట్టు లేని సాక్షులు ఇద్దరు కావలెను

మండలాధికారి వారి సముఖమునకు నోయ్ దీవి కాపురస్థుడు సవాంగ్ నూకేవ్ పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయమందు నేను వ్రాయించిన వీలునామాలో మార్పు చేయుటకు, చెట్టు లేని సాక్షులను ఇద్దరిని వెంటబెట్టుకొని తమరే దయచేయవలెనని.

1. సదరు వీలునామా ప్రకారం నా ఇల్లు నా భార్య చలూయ్‌కును, నా కొబ్బరితోట దీవిలోని కుటుంబములకు ఇంటికొక చెట్టు చొప్పునను, చెట్టుతోపాటు దాని నీడ పడినంత నేలయును చెందవలెను. ఎవరైనా గిన్నెడు చేపల పులుసు తెచ్చిపెడితే "నీకో చెట్టు రాస్తాలే" అనుట నా అలవాటు. ఎవరినీ ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు.

2. ఇప్పుడు తేలినదేమనగా, ఇంటి చుట్టూ ఉన్న చెట్లన్నీ పరులపాలైనవి. నా అనంతరం చలూయ్ గుమ్మం దిగితే పరాయి నేల. బావికి దారి లేదు, ఒడ్డుకు దారి లేదు. "ఇల్లు నీదేగా!" అని సర్దిచెప్పబోతిని.

"కోళ్ల గూటిక్కూడా దారుంటుందయ్యా. ఊరందరికీ పెట్టిన చెయ్యి, పెళ్లాం దగ్గరికొచ్చేసరికి ముడుచుకుందా?" అని కడిగిపారేసింది. ఆ మాట విన్నది మొదలు నాకు కంటిమీద కునుకు లేదు.

3. కావున బావికీ ఒడ్డుకీ దారి ఇచ్చు నాలుగు చెట్లను ఆమె పేర మార్చదలచితిని. అందులకు ఇద్దరు సాక్షులు కావలెను. వాటా గలవారు సాక్షులు కారాదని చట్టం. అంటే, చెట్టు ఉన్నవాడు సంతకం పెట్టకూడదు, చెట్టు పోయేవాడు సంతకం పెట్టడు. ఇక మిగిలింది మా పిల్లి.

4. నేనే తమ వద్దకు వద్దామంటే కాళ్లు పడిపోయినవి. పడవదాకా నలుగురు మోయవలెను. పడవ నడిపే థవిన్‌ను పిలిపించితిని.

"ఈ గాలిలోనా మావయ్యా? నిన్ను ముంచిన పాపం నాకెందుకు? హాయిగా పడుకో" అన్నాడు. ఆకు కదిలితే ఒట్టు! పోయాక మోయడానికి పోటీ పడతారు, బతికుండగా మాత్రం ఒక్కడూ భుజం పట్టడు.

5. తెల్లవారితే పరామర్శలు. "ఎలా ఉంది మావయ్యా?" అని అడుగుట నన్ను, చూచుట గెలలను. ఎవరి చెట్టుకు వారు రంగుగుడ్డ కట్టుకొనిరి. మొన్న అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒక భక్తురాలు అవి దేవతలున్న చెట్లనుకొని అగరువత్తులు వెలిగించి పోయింది. అయ్యా, నేనింకా చావలేదు.

6. స్వహస్తముతో వ్రాసుకొంటే సాక్షులు అక్కరలేదట. కుడిచెయ్యి కూడా పడిపోయినది. ఈ అర్జీ వ్రాసిపెట్టుచున్నది బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ వన్నిదా. దీవి మొత్తం మీద చెట్టు లేని మనిషి ఆమె ఒక్కతే. కానీ నిన్న ఆమె కలం తీయగానే నా నోరు ఊరుకోలేదు. "అమ్మా, నీకో చెట్టు రాస్తాలే" అనేశాను.

కోరినచో తమరు కార్యాలయము వెలుపలకు వచ్చియు వీలునామా వ్రాయవచ్చునని వింటిని. రండి. వచ్చినప్పుడు తమకు కూడా ఒక చెట్టు ఇవ్వబోతాను, చచ్చినా ఒప్పుకోవద్దు. ఈ ముసలివాని గాభరా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సవాంగ్ నూకేవ్
(ఎడమచేతి వేలిముద్ర)

తా.క.: అయ్యా, ఇది నేను, వన్నిదా, సొంతంగా రాస్తున్నాను. చెట్టు వద్దని చెప్పేశాను. తాతగారి ముఖం చిన్నబోయింది. "మరి నీకేమివ్వను?" అన్నారు. సాక్షి సంతకం పెట్టనివ్వండి చాలన్నాను. కాబట్టి ఇంకొక్కరే కావాలి. ఆలస్యం చేయకండి. తాతగారు ఈ వానాకాలం దాటడం కష్టమని నర్సు చెప్పి వెళ్లింది. చలూయమ్మ ఆ మాట విన్నది. ఈ ఉదయం నుంచి నీళ్ల బిందె చంకన పెట్టుకుని, ఎవరి చెట్టు నీడా తొక్కకుండా బావిదాకా నడవగలనేమో అని చూసుకుంటోంది.