ఆకుపచ్చ చీర ఎగిరిన ఆదివారం

నాచారం,
19–5–1969.

విక్టోరియాకు,

ప్రభువు పేర శాంతయ్య వందనాలు. నేను క్షేమం. ఉత్తరంలో అందరూ రాసే మాటే గానీ, ఈసారి అది నిజంగానే వార్త. నువ్వూ అత్తమ్మా జనగామలో బాగున్నారని తలుస్తాను. రెండేళ్ల తర్వాత రాస్తున్నాను, చించెయ్యకుండా చదువు.

నిన్న మధ్యాహ్నం ఉప్పల్ వైపు నుంచి సుడిగాలి వచ్చింది. ఎర్రదుమ్ము తాటిచెట్టంత ఎత్తున గిరగిరా తిరుగుతూ సరిగ్గా మా ఇళ్ల లైను మీదికే వచ్చింది. ఫ్యాక్టరీ రేకులు కాగితాల్లా లేచాయి. నేను నీ రోలును కావలించుకుని బోర్లా పడుకున్నాను. ఈ ఇంటికి మారేటప్పుడు ఎవడు మోస్తాడని తిట్టుకున్న రోలే. నా తలకు జానెడు దూరంలో పెంకులు పడి పగిలాయి.

గాలి పోయాక బయట ఒకటే ఏడుపు. శాంతయ్య భార్యను గాలి ఎత్తుకుపోయిందట! దండెం మీది ఆకుపచ్చ చీర పైకి లేవడం పక్కింటి లూర్దమ్మ చూసింది. బట్టలు తీయడానికి వచ్చిన నువ్వూ దానితో పోయావనుకుంది.

తిట్టుకో, చెప్పేస్తాను. పెళ్లాం దగ్గర లేని మగవాడికి ఇక్కడ ఇల్లివ్వరు. అందుకని నువ్వు దూరంగా దవాఖానాలో నర్సువని, శనివారం చివరి బస్సుకు వచ్చి ఆదివారమంతా నిద్రపోయి, సోమవారం తెల్లారకముందే వెళ్తావని చెప్పాను. నువ్వు వదిలేసిన చీర ఆదివారాలు ఆరేసేవాణ్ణి. నీ నిద్ర చెడుతుందని లూర్దమ్మ మన వాకిట్లో పిల్లల్ని ఆడనిచ్చేది కాదు. నర్సు పనికి వెళ్తానంటే వద్దని కొట్లాడింది నేనే. అబద్ధంలో మాత్రం పంపించాను.

లైనంతా కదిలి మల్లాపూర్ దాకా వెతికారు. ఎదురింటి కనకరాజు తన ఇంటి కప్పు పోయినా చూసుకోకుండా బావిలో దిగాడు. నిజం చెప్పలేదు సరికదా, వాళ్లతో కలిసి నేనూ నీ పేరు పెట్టి అరిచాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, అంత గట్టిగా నిన్ను పిలవడం నాకు బాగుంది.

చివరికి తుమ్మచెట్టుకు చీర దొరికింది. దాన్ని గుండెకు హత్తుకుని లూర్దమ్మ ఏడుస్తుంటే తట్టుకోలేక అంతా చెప్పేశాను. కొడుతుందేమో అనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని ఒకటే అడిగింది.

"ఇక్కడ లేని మనిషి కోసం గింతగనం ఏడ్సినం. ఉన్న కాడికి పోయి తెచ్చుకోరాదా కొడుకా?"

శనివారం జనగామ వస్తాను. నర్సు పనికి వెళ్లొద్దని ఇక అనను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

ఇట్లు,
శాంతయ్య

తా.క.: ఇంటి కోసం అబద్ధమాడానని రాశాను. అది మొదటి నెల మాటే. ఇంటి యజమాని గోపాలరావుగారికి అప్పుడే నిజం తెలిసింది. నేనెవరికీ చెప్పనులే, ఉండవయ్యా అన్నారు. ఆ తర్వాత రెండేళ్లూ చీర ఆరేసింది ఎవరి కోసమూ కాదు. పొద్దున దండెం మీద వేసి చర్చికి వెళ్లేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు సందు మలుపులోనే అది కనబడేది. గొళ్లెం తీసేదాకా ఇంట్లో నువ్వున్నావనే అనుకునేవాణ్ణి.