ఇద్దరికీ ఒకే కారు

శుక్రవారం, గద్వాల

ఇవాళ రేసింగ్ ఆటలో నా కారు చెప్పినట్టు విన్నది. మగ్గం మీద పడుగు బిగువు మారిస్తే జానెడు నేసి చూస్తాం కదా, ఇక్కడా అదే చేశాను. ముందుగా వెనక చక్రాల స్ప్రింగులు బిగించి ఒక చుట్టు తిరిగాను. అది కుదిరాకే బ్రేకుల జోలికి పోయాను. ఇప్పుడు మలుపుల్లో నన్ను పట్టుకునేవాళ్లు లేరు.

అది చూసి, వనపర్తి నుంచి వచ్చిన బావ "జర నాకియ్యి" అని కంట్రోలర్ తీసుకున్నాడు. మొదటి మలుపులోనే కారు బొంగరంలా తిరిగి గోడకు గుద్దుకుంది.

"గిదేం బండి, చేతిల ఆగుతలేదు," అన్నాడు.

మగ్గం దగ్గర అమ్మ నవ్వింది. "నీది కాని మగ్గం మీద కూసుంటే గట్లనే ఐతది, అల్లుడా."

నవ్వాను గానీ, ఆదివారం ఆన్‌లైన్‌లో జోడీ పందెం. కారు ఒక్కటే, సగం నేను నడపాలి, సగం బావ. అమ్మ తన మగ్గం మీద నన్నైనా కూర్చోనివ్వదు, ఈ కారు మాత్రం ఇద్దరి చేతికీ కుదరాలి.

బావ పోయాక, అతని చేతిలో కారు ఆగేలా వెనక స్ప్రింగులు కొంచెం వదులు చేశాను. ప్రతి మలుపులో నాకు కాస్త వేగం పోతుంది. దాన్ని బ్రేకుల దగ్గర రాబట్టుకోగలను, అనుకుంటా…

బావకు చెప్పలేదు. ఆదివారం కారు బొంగరంలా తిరగకపోతే, తనే నేర్చుకున్నాననుకుంటాడు. అనుకోనీ.